గిడ్డంగి గేటు దగ్గర చీటీ పేచీ

మిరప కారం, పసుపు, నెయ్యి, పచ్చళ్ళు పాకెట్లు కట్టి ఆన్‌లైన్ అంగడి కంపెనీల గిడ్డంగులకు పంపుతున్న వర్తకులు ఈ మధ్య ఎక్కువగా చెప్పుకుంటున్న బాధ చీటీల బాధ. సరకు బాగున్నది, తూకం సరిపోయింది, బిల్లు సక్రమంగా వున్నది. అయినా లారీ గేటు దగ్గరి నుండి వెనక్కి తిరిగింది. కారణం అడిగితే "లేబుల్ స్కాన్ కాలేదు" అన్న ఒక్క ముక్క. గుంటూరులో కారం మిల్లు నడుపుతున్న పాత మిత్రులొకరు మొన్న వేసవిలో నలభై పెట్టెలను ఇలాగే రానుపోను కిరాయి భరించి వెనక్కి తెచ్చుకున్నారు. పెట్టెల మీద చీటీలు లేకపోలేదు, అన్నింటికీ వున్నాయి. వచ్చిన చిక్కల్లా వారి గుమాస్తా మొదటి పెట్టె చీటీని జిరాక్సు తీయించి తక్కిన ముప్పై తొమ్మిదింటికీ అదే అంటించడం.

గుమాస్తాది తప్పే. అయితే అతను నేర్చుకున్న వర్తకంలో అది తప్పు కాదు. యార్డులో ఒక రైతు లాటులోని టిక్కీలన్నింటికీ ఒకే మార్కా వేస్తాము. లారీలో ఎన్ని టిక్కీలు ఎక్కాయో, ఎన్ని దిగాయో లెక్కపెట్టుకుంటాము, అంతటితో సరి. ఆన్‌లైన్ గిడ్డంగిలో ఆ లెక్క చెల్లదు. అక్కడ లెక్కపెట్టేది మనిషి కాదు గనుక ప్రతి పెట్టెకూ వేరు వేరు సంఖ్య వుండాలి. ఒకే సంఖ్య నలభై పెట్టెల మీద కనబడితే యంత్రం ఒకే పెట్టెను నలభైసార్లు చూచినట్లు భావిస్తుంది. ముప్పై తొమ్మిది పెట్టెలు దాని దృష్టిలో లేనే లేవు.

కంపెనీ ఏదైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. నియమాలు బహిరంగంగా ప్రకటించినవి, అందరూ ఎరిగినవి గనుక ఇక్కడ అమెజాన్ వారి పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాము. వర్తకుని సరకును ముందుగానే తమ గోడౌనులో దించుకుని, గిరాకీ తగిలినప్పుడు తామే కట్టి కొనుగోలుదారుకు పంపే ఏర్పాటును వారు అమెరికాలో 2006లో మొదలుపెట్టారు. మన దేశంలో వారి అంగడి 2013 జూన్‌లో తెరిచారు. శంషాబాద్ మీదుగా వెళ్ళే వర్తకులకు ఆ గోడౌన్ల పరిమాణం ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

అక్కడికి వెళ్ళే సరకుకు ముఖ్యంగా రెండు చీటీలు. ఒకటి పెట్టెకు, రెండవది పెట్టెలోని ఒక్కొక్క పాకెట్టుకు. పెట్టె చీటీ మీద ఎఫ్.బి.ఎ. అనే అక్షరాలతో మొదలయ్యే రవాణా సంఖ్య, దాని చివర యు అనే అక్షరం తరువాత ఆరు అంకెలలో పెట్టె వరుస సంఖ్య వుంటాయి. దీనిని నకలు తీయరాదు, పాత రవాణాలో మిగిలినది తిరిగి వాడరాదు అని నియమం స్పష్టంగానే చెబుతున్నది. పెట్టె లోపలికి వెళ్ళి విప్పబడగానే ఈ చీటీ పని తీరిపోతుంది. పాకెట్టు చీటీ అలా కాదు. అది సరకుతోపాటు అరలో కూర్చుంటుంది, కొన్నవారి ఇంటిదాకా వెళుతుంది. గేటు దగ్గర గొడవలు పెట్టె చీటీ మీద వస్తున్నాయి గనుక వర్తకుల దృష్టి అంతా దానిమీదనే వున్నది. కాని డబ్బు ఇరుక్కుని వున్నది పాకెట్టు చీటీలో.

రెండో చీటీ ఎందుకు?

"మా పాకెట్టు మీద అచ్చులోనే చారల గుర్తు వున్నదే, దాన్ని కప్పి మళ్ళీ ఇంకొక చీటీ అంటించడం ఎందుకు? ఇదంతా దండగ ఖర్చు" అని అనేకులు అంటున్నారు. చీటీ, అంటించే కూలి కలిపి పాకెట్టుకు ఒక రూపాయి వేసుకున్నా, వెయ్యి పాకెట్లకు వెయ్యి రూపాయలు. రెండు వందల గ్రాముల కారం పాకెట్టు మీద మిగిలే లాభంలో రూపాయి చిన్నదేమీ కాదు. అందుచేత ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వున్నది.

చారల గుర్తు దుకాణంలో మొట్టమొదటిసారి పనిచేసింది 1974 జూన్ 26న. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక దుకాణంలో నమిలే బంక పాకెట్టును యంత్రం ముందు పెట్టి ధర చూచారు. నాటి నుండి నేటి వరకు ఆ గుర్తు చేసే పని అదే: ఈ వస్తువు ఏమిటో చెప్పడం. మన దేశపు సంస్థ ద్వారా నమోదైన పదమూడంకెల గుర్తు 890తో మొదలవుతుంది. తరువాతి అంకెలు తయారీదారును, వస్తువును తెలుపుతాయి. ఫలానా మార్కు కారం రెండు వందల గ్రాములు అంటే నరసరావుపేట కొట్టులో వున్న పాకెట్టుకూ, సికిందరాబాదు కొట్టులో వున్న పాకెట్టుకూ అదే గుర్తు. అది ఎవరి పాకెట్టు అని అడిగితే చారలు చెప్పలేవు. కొట్టులో ఆ అవసరమూ లేదు, ఎందుకంటే కొట్టులో వున్నదంతా కొట్టువారిదే.

ఆన్‌లైన్ గిడ్డంగిలో అదే కారాన్ని అయిదుగురు వర్తకులు దించి వుండవచ్చు. ఒకరు నేరుగా మిల్లువారు, ఒకరు హోల్‌సేలు కొన్నవారు, ఒకరు ఎక్కడో మిగిలిన పాత నిల్వ చవకగా పట్టుకువచ్చినవారు. ఎక్స్ అనే అక్షరంతో మొదలయ్యే సంఖ్యతో వచ్చే రెండో చీటీ ఈ అయిదుగురినీ విడదీస్తుంది. పదమూడంకెల గుర్తు "ఇది కారం" అంటే, ఈ చీటీ "ఇది ఫలానావారి కారం" అంటుంది. మన భాషలో చెప్పాలంటే అది మార్కా. గోనె మీద నల్లరంగుతో వేసిన అక్షరాలకు బదులు యంత్రం చదివే గీతలు, అంతే భేదం.

మార్కా విలువ గుంటూరు వర్తకునికి ఒకరు చెప్పాలా? కోల్డ్ స్టోరేజీలో పెట్టిన తేజ లాటును ఆరు నెలల తరువాత తీయబోతే "తేజ తేజే గదా" అని గుమాస్తా పక్క లాటులోని టిక్కీలు తీసి ఇస్తే ఊరుకుంటామా? రంగు వేరు, ఆరుదల వేరు, తాలు పాలు వేరు. పొగాకు వేలాలు 1985లో మన రాష్ట్రంలో మొదలైన దగ్గర నుండి బేలుకు చీటీ లేకుండా వేలం వరుసలో పెట్టింది లేదు. చీటీ చిరిగితే రైతు ప్రాణం విలవిలలాడుతుంది. 2007 నాటి గిడ్డంగుల చట్టం కూడా ఒక యూనిట్టుకు మరొక యూనిట్టు సమానమని వర్తక ఆచారం అంగీకరించే సరకులను వేరే తరగతిగా నిర్వచించింది. అంటే తక్కిన సరకులలో ఎవరిది వారిదే అన్నమాట. కారం పాకెట్టు చూడటానికి ఒకలాగే వున్నా సమానమైన యూనిట్టు కాదు. నిరుడు కట్టిన పాకెట్టు, ఈ నెల కట్టిన పాకెట్టు వాసనలోనే తేలిపోతాయి.

ఇక్కడొక పాత కథ గమనించవలసి వున్నది. అమెరికాలో చాలా కాలంపాటు అమెజాన్ వారు కొన్ని రకాల సరకులకు ఈ రెండో చీటీ అవసరం లేకుండా వదిలారు. అంటే అయిదుగురు వర్తకుల సరకును తయారీదారు గుర్తు కిందనే ఒకటిగా జమకట్టి, గిరాకీ వచ్చినప్పుడు కొనుగోలుదారుకు ఏది దగ్గరగా వుంటే అది తీసి పంపేవారు. అమ్మినది ఒకరు, పోయినది మరొకరి పాకెట్టు. చీటీ ఖర్చు తప్పిందని, డెలివరీ త్వరగా అవుతున్నదని చాలామంది సంతోషించారు కూడా. ఆ వెనుకనే నకిలీ సరకు కలుస్తున్నదనే ఫిర్యాదులు వచ్చాయి. అసలు సరకు పంపిన వర్తకునికి చెడ్డపేరు, నకిలీ సరకు దించినవానికి మంచి సరకు పేరు మీద అమ్మకం! ఈ కలిపే పద్ధతిని మానుకుంటున్నట్లు 2025లో వారే ప్రకటించారు. మార్కు తమదిగా నమోదు చేసుకున్నవారు తప్ప, కొని అమ్మే వర్తకులంతా ఇకపై ఒక్కొక్క పాకెట్టుకూ గిడ్డంగి చీటీ అంటించవలసినదే. గడువు తేదీ వున్న సరకును, తినే సరకును మాత్రం ఆ కలిపే పద్ధతిలోకి వారు మొదటి నుండీ రానివ్వలేదు. మన సరకంతా ఆ కోవలోనిదే గదా.

కాబట్టి రూపాయి చీటీ దండగ అనే మాటతో మేము ఏకీభవించలేము. తన సరకును పరాయి గోడౌనులో వదిలి వచ్చే వర్తకునికి మార్కా తప్ప వేరే ఆధారం లేదు. ఎవరైనా కంపెనీ ప్రతినిధి వచ్చి "చీటీ లేకుండా దించండి, ఖర్చు తగ్గుతుంది" అంటే సంతకం పెట్టే ముందు అయిదుసార్లు ఆలోచించుకోవడం మంచిది.

సరకు ఎవరిది?

వర్తకులలో చాలామంది గిడ్డంగిలో సరకు దించగానే కంపెనీ కొన్నట్లే భావిస్తున్నారు. అది పొరపాటు. విదేశీ పెట్టుబడి వున్న ఆన్‌లైన్ అంగడి కంపెనీ తన అంగడిలో అమ్మే సరకుకు తాను యజమాని కాకూడదని కేంద్ర ప్రభుత్వ విధానం. 2018 డిసెంబరులో వెలువడి 2019 ఫిబ్రవరి 1 నుండి అమలుకు వచ్చిన ఉత్తర్వు దీన్ని మరింత బిగించింది. గిడ్డంగి సౌకర్యం, ప్యాకింగు, రవాణా వంటి సేవలు కంపెనీ చేయవచ్చు, యాజమాన్యం మాత్రం వర్తకునిదే. గిడ్డంగి వేరే రాష్ట్రంలో వుంటే అక్కడ జి.ఎస్.టి. నమోదు చేయించి, ఆ గిడ్డంగిని మన అదనపు వ్యాపార స్థలంగా చూపించమంటున్నది కూడా అందుకే. యాభై వేలకు మించిన సరకుతో బయలుదేరే లారీకి ఈ-వే బిల్లు మన పేరు మీదనే.

పన్ను కట్టేటప్పుడు సరకు మనది, లైసెన్సు చూపేటప్పుడు మనది, గడువు దాటి పారవేయవలసి వచ్చినప్పుడు తప్పకుండా మనది. లెక్కపెట్టేటప్పుడు మాత్రం మనం గోడ అవతల వుండాలి. అసలు పేచీ ఇక్కడ వున్నది. మా అభిప్రాయంలో వర్తక సంఘాలు పట్టుకోవలసిన పాయింటు కూడా ఇదే.

యార్డులో కాటా వేసేటప్పుడు రైతు వుంటాడు, కమీషన్ ఏజెంటు వుంటాడు, కొనుగోలుదారు గుమాస్తా వుంటాడు, కాటాదారు వుంటాడు. అరకిలో తేడా వస్తే అక్కడికక్కడే కేకలు, అక్కడికక్కడే సర్దుబాటు. ఆన్‌లైన్ గిడ్డంగిలో పెట్టెలు దిగిన తరువాత ఎప్పుడో లోపల విప్పుతారు. ఆ తరువాత మన కంప్యూటరు మీద "పంపినవి 480, అందినవి 452" అని కనిపిస్తుంది. తక్కిన ఇరవై ఎనిమిది ఏమైనట్లు? దారిలో పోయాయా, పక్కవారి ఖాతాలో పడ్డాయా, చీటీ చదవబడక మూలన పడి వున్నాయా అన్నది మనకు తెలిసే మార్గం లేదు. విచారణ కోరితే మొదట అడిగేది ఋజువులు. అప్పుడు వెతుక్కుంటే చేతిలో వున్నది లారీ రసీదు, అందులో "పెట్టెలు 20" అన్న ముక్క మాత్రమే. ఇది బ్యాంకులో తాకట్టు పెట్టుకునే గిడ్డంగి రసీదు లాంటిది కాదు సుమా.

అందుచేత చీటీని గేటు దాటించే టిక్కెట్టుగా కాక సాక్ష్యంగా చూడటం నేర్చుకోవాలి. ఏ పెట్టెలో ఏ పాకెట్లు ఎన్ని పెట్టామో ముందుగా కంపెనీకి తెలియజేస్తాము. పెట్టె మూయకముందు లోపలి సరకు కనబడేటట్లు ఒక ఫోటో, మూసిన తరువాత చీటీ సంఖ్య చదవడానికి వీలుగా ఒక ఫోటో, కాటా మీద పెట్టె బరువు కనబడేటట్లు మూడో ఫోటో. పెట్టెకు నిమిషం పని. రెండు వందల గ్రాముల పాకెట్లు ఇరవై నాలుగు వున్న పెట్టె బరువు ఎంత వుండాలో ముందే తెలుసును గనుక, బరువు చీటీ ఒక్కటే సగం వాదన గెలిపిస్తుంది. ఈ అలవాటు చేసుకున్న వర్తకులు కొందరు తగ్గిన సరకుకు పరిహారం రాబట్టుకున్నారు. చేసుకోనివారు తిట్టుకుంటూ కూర్చున్నారు.

అంటించడంలో చేయి

చీటీ విషయంలో మన వైపు జరుగుతున్న తప్పులు కూడా తక్కువేమీ కాదు. అవి ఒప్పుకోకుండా కంపెనీలను అడిగే హక్కు మనకు రాదు. ఇంకు చిమ్మే ప్రింటరుతో తీసిన చీటీ తడి తగిలితే అలుక్కుపోతుంది. కారం మిల్లులో నూనె చేతులతో అంటించినది అంతకన్నా ముందే అలుక్కుపోతుంది. వేడితో అచ్చుపడే కాగితం సౌకర్యమే గాని, మే నెలలో రేకుల షెడ్డులో నాలుగు రోజులుంటే అది ఏ రంగుకు తిరుగుతుందో మన ఎండలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. లేజరు ప్రింటరు, లేదా కార్బను రిబ్బను మీద అచ్చువేసే యంత్రం మేలు.

పాకెట్టు చీటీ అంగుళం వెడల్పు, రెండంగుళాల పొడవుకు తగ్గకూడదు. చారలకు అటూ ఇటూ పావు అంగుళం తెల్లజాగా వుండాలి. కాగితం పొదుపు చేద్దామని అంచుల దాకా కత్తిరిస్తే యంత్రానికి గీతల మొదలు ఎక్కడో తెలియదు. గుండ్రటి నెయ్యి సీసా వంపు మీద, పాకెట్టు మడత మీద అంటించరాదు. పాత చారల గుర్తు బయటికి కనబడకూడదు. రెండు గుర్తులు కనబడితే యంత్రం తనకు తోచినది చదువుతుంది. పెట్టె చీటీని టేపు వేసిన కీలు మీద అంటించడం మనవాళ్ళకు మహా ఇష్టం, అక్కడ జాగా నున్నగా వుంటుంది గనుక. గిడ్డంగిలో పెట్టెను కత్తితో కోసేది కూడా సరిగ్గా అక్కడే.

బరువు సంగతి కూడా. యార్డు టిక్కీ నలభై కిలోలు దాటి వుంటుంది, మన హమాలీలు నవ్వుతూ మోస్తారు. అమెరికా గిడ్డంగికి వెళ్ళే మామూలు పెట్టె యాభై పౌండ్లు, అంటే సుమారు ఇరవై మూడు కిలోలు మించకూడదు.

చట్టం చీటీ

ఇంతవరకు చెప్పినది కంపెనీ చీటీ. దానికన్నా ముందు అంటవలసినది చట్టం చీటీ ఒకటి వున్నది. పాకెట్టు కట్టిన సరకు మీద ఏమేమి అచ్చు వేయాలో 1977 నియమాల కాలం నుండి మన వర్తకులు ఎరుగుదురు. వాటి స్థానంలో 2011 నియమాలు వచ్చాయి. కట్టినవారి పేరు, చిరునామా, సరకు పేరు, నికర తూకం, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు. 2021 సవరణతో గ్రాముకో కిలోకో ధర కూడా. ఆహార సరకుకు అదనంగా పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, శాకాహార గుర్తు వగైరాలు. 2018 జనవరి 1 నుండి వీటిలో తయారీ నెల, సంవత్సరం మినహా తక్కినవి ఆన్‌లైన్ అంగడి తెర మీద కూడా కనబడాలి.

విచిత్రమేమంటే గిడ్డంగి చీటీ తప్పితే ఈ రోజే లారీ తిరిగి వస్తుంది గనుక అందరూ భయపడుతున్నారు. చట్టం చీటీ తప్పితే ఇన్‌స్పెక్టరు ఎప్పుడో వస్తాడు గనుక అశ్రద్ధ. కొందరైతే గిడ్డంగి చీటీకి జాగా చాలక దాన్ని తీసుకుపోయి సరిగ్గా ధర మీద, తేదీ మీద అంటిస్తున్నారు. గేటు దగ్గర యంత్రం సంతోషంగా చదువుతుంది, కేసు మాత్రం పాకెట్టు కట్టినవారి మీద పడుతుంది. కవరు అచ్చు వేయించేటప్పుడే రెండంగుళాలు మూడంగుళాల ఖాళీ జాగా వదిలించుకుంటే ఈ బాధ వుండదు. కవరు అచ్చుకు లక్ష ఖర్చు పెట్టేవారు ఆ జాగా విషయం అచ్చాఫీసు వారికి చెప్పడం మరచిపోతున్నారు.

ధర చీటీ విషయంలో నెయ్యి వర్తకులకు నిరుడు కాక మొన్న ఎదురైన చిక్కు ఒకటి చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద జి.ఎస్.టి. 12 శాతం నుండి 5కు తగ్గింది. పాత నిల్వ మీద తగ్గించిన ధర చీటీ అంటించుకోవడానికి కేంద్రం వీలు కల్పించింది. కొట్టులో వున్న సీసాలకు అంటించడం ఒక పూట పని. దూరపు గిడ్డంగులలో వున్న సీసాల సంగతి? సరకు మనది, దాని మీద చీటీ మనది, దాన్ని తాకే వీలు మాత్రం మనకు లేదు. బయటికి రప్పించుకుంటే రెండు వైపులా కిరాయి. అమ్మకపు పండుగ రోజులు అవి. సరకు తనది, చేయి పరాయిది అన్న సంగతి ఆ నెలలో చాలామందికి తెలిసి వచ్చింది.

గడువు గడియారం

ఆహార సరకుకు కాలం కూడా ఒక ధరే. కొన్నవారి చేతికి అందేనాటికి కనీసం 30 శాతం గడువు గాని, 45 రోజులు గాని మిగిలి వుండేలా చూడవలసినదిగా ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఆన్‌లైన్ కంపెనీలకు చెప్పింది. ఏడాది గడువున్న కారానికి 30 శాతం అంటే మూడున్నర నెలల పైమాట. అంటే అమ్ముకోవడానికి వాస్తవంలో చేతిలో వున్నది ఎనిమిదిన్నర నెలలు. చీటీ పేచీతో సరకు వెనక్కి వచ్చి, విప్పి, మళ్ళీ అంటించి, మళ్ళీ గేటు తేదీ దొరికించుకుని పంపేసరికి మూడు వారాలు పోయాయంటే, పోయినది కిరాయి ఒక్కటే అనుకోరాదు. అమ్మకపు కాలంలో పన్నెండో వంతు పోయింది. పెట్టుబడి మీద వడ్డీ సంగతి వర్తకులకు లెక్క కట్టి చూపనక్కరలేదు.

అమెరికాలోని మనవాళ్ళ కోసం పొడులు, పచ్చళ్ళు పంపుతున్నవారు తేదీ విషయంలో మరీ జాగ్రత్తగా వుండాలి. మనం రోజు ముందు, నెల తరువాత వేస్తాము. అక్కడ నెల ముందు. 05-06 అని మనం జూన్ అయిదవ తేదీకి వేస్తే అక్కడ అది మే ఆరవ తేదీ. గడువు నెల రోజులు ఉత్తపుణ్యానికి తరిగిపోతుంది. 11-12 దగ్గర కూడా అంతే, 25-06 అని వేస్తే యంత్రానికి అసలు అర్థమే కాదు.

ఇంకొక మార్పు కూడా గమనించవలసి వున్నది. వర్తకుడు చీటీ లేకుండా పంపితే రుసుము తీసుకుని గిడ్డంగివారే అంటించే సదుపాయాన్ని అమెరికాలో 2026 జనవరి నుండి నిలిపివేస్తామని అమెజాన్ 2025లో ప్రకటించింది. ఈ గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తూనే వున్నది. చీటీ పని మొత్తం వర్తకుని గుమ్మంలోకే వస్తున్నది. అది మంచిదే అంటాము మేము. పరాయి చేత్తో అంటించిన మార్కా తప్పితే మనం ఎవరిని అడగాలి? పైగా మిల్లు దగ్గరే నలుగురికి పని దొరుకుతుంది.

అయితే పని మన గుమ్మంలోకి వచ్చినప్పుడు షరతులు కూడా మనకు తెలిసి, మన అంగీకారంతో రావాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ నియమాలు అమ్మే వర్తకునికీ, అంగడి కంపెనీకీ మధ్య ముందుగా వ్రాతపూర్వకమైన ఒప్పందం వుండాలంటున్నాయి. ఆ ఒప్పందంలో చీటీల నియమం ఎక్కడున్నది? చాలావాటిలో "కంపెనీ ఎప్పటికప్పుడు ప్రకటించే విధానం ప్రకారం" అన్న ఒక్క వాక్యంలో దాగి వున్నది. చీటీ కొలత మార్చినా, జాగా మార్చినా, కొత్త గుర్తు కావాలన్నా, ఒక తెల్లవారుజామున కంప్యూటరు తెర మీద ప్రకటన వేస్తే చాలును. ఆపాటికే లారీ విజయవాడ దాటి వుంటుంది.

గిడ్డంగివారి వైపు న్యాయం లేదని మేము అనడం లేదు. రోజుకు వేలాది పెట్టెలు దిగే చోట ఒక్కొక్క వర్తకుని ముఖం చూచి సర్దుకోవడం అయ్యే పని కాదు. కఠినమైన చీటీ నియమం వల్లనే మన పాకెట్టు మన ఖాతాలో వుంటున్నది. కాని కాటా కఠినంగా వుండాలంటే రెండు పళ్ళేలకూ వుండాలి. పెట్టె తిరస్కరించినప్పుడు ఆ చీటీ ఫోటో, కారణం వ్రాతలో ఇవ్వడం వారికి కష్టం కాదు. ఫోటో తీసే యంత్రాలు గేటు దగ్గరే వున్నాయి. ఒకటి రెండు చీటీలు చదవబడకపోతే లారీ మొత్తం తిప్పకుండా, రుసుము తీసుకుని అక్కడే తిరిగి అంటించుకునే వీలు కల్పించవచ్చు. నియమం మార్చేటప్పుడు అరవై రోజుల గడువు ఇవ్వవచ్చు. కవరు అచ్చుకు పట్టే కాలం అంతకు తక్కువ కాదు. అన్నింటికన్నా ముఖ్యం పెట్టెవారీ అందుకోలు లెక్క. ఏ పెట్టె ఏ తేదీన విప్పారు, అందులో ఎన్ని పాకెట్లు కనబడ్డాయి అన్నది ఫలానా రోజులలోగా వర్తకునికి చేరాలి. మొత్తం మీద "తక్కువ" అన్న మాట కాటాదారు నోటి నుండి వస్తే మనం ఒప్పుకోము. గిడ్డంగి నుండి వస్తే మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

ఒక్కొక్క మిల్లువారు విడివిడిగా ఉత్తరాలు వ్రాస్తే యంత్రమే జవాబు ఇస్తున్నది. గుంటూరు మిర్చి వర్తకులు, నిజామాబాదు, దుగ్గిరాల పసుపు వర్తకులు, నెయ్యి పాకెట్లవారు తమ సంఘాల ద్వారా కలిసి అడగాలి. ప్రతివారూ తమ దగ్గర తిరిగివచ్చిన పెట్టెల సంఖ్య, కారణం, పోయిన రోజులు ఒక కాగితం మీద వ్రాసి సంఘానికి అందజేస్తే మాటకు బరువు వస్తుంది. కొత్త మిరప యార్డుకు దిగేది ఫిబ్రవరి, మార్చి నెలలలో. కొత్త కారం కవర్లకు అచ్చు ఆర్డరు పెట్టేది అంతకు ముందే గనుక, ఈ కాగితం ఇప్పుడే వ్రాసుకోవలసి వున్నది.